రెక్ అన్న మాట

"పిల్లిని ముంచేశానక్కా. ఇక మిగిలింది వీడొక్కడే" అన్నాడు డిగరీ, తడిసిన గోనెసంచి ఇసుకలో పడేసి.

టామ్సిన్ కదల్లేదు. ఆమె ఒళ్ళో ఓ నావికుడి తల ఉంది. ఆ ఉదయం కార్న్‌వాల్ ఒడ్డున రాళ్ళకు కొట్టుకుని తెరచాప ఓడ రెండు ముక్కలైంది. అందులోంచి ప్రాణంతో ఒడ్డెక్కింది ఆ పిల్లీ, ఇతనూ. నడుంలోతు నీళ్ళలోకి దిగి ఇతన్ని ఈడ్చుకొచ్చింది టామ్సినే.

"ఊపిరాడుతోందిరా. ఇంటికి మోసుకుపోదాం, కాళ్ళు పట్టు."

"మతిగానీ పోయిందా? వీడు బతికితే ఇది రెక్ అవదు!"

"ఓడ నిలువునా విరిగితే రెక్ కాక ఏమిటిరా?"

"రెక్ అంటే విరిగిన ఓడ కాదక్కా. సముద్రం తరిమి ఒడ్డున పారేసిందని అర్థం. దిక్కులేని సొత్తన్నమాట. తాత ఎన్నిసార్లు చెప్పాడు! ఓడలోంచి మనిషి గానీ, కుక్క గానీ, పిల్లి గానీ ప్రాణంతో ఒడ్డెక్కిందా, అది రెక్ కాదు. సరుకంతా యజమానిది. ఏదీ బతక్కపోతేనే రెక్. అప్పుడు సగం దొరకి, సగం మనకి."

అలల మీద పిండి పీపాలు ఊగుతున్నాయి. ఆ ఏడు చేపలు ఒడ్డు మొహం చూడలేదు. ఊళ్ళో సగం పొయ్యిలు ఆరిపోయాయి. టామ్సిన్ చిన్నకొడుకు మట్టిలో కలిసి పదిరోజులు కాలేదు. కూతురు గ్రేస్ పక్క మీంచి లేవడం మానేసింది.

"వీడికీ ఇంటి దగ్గర ఓ అక్క ఉంటుందిరా."

"ఉంటే ఉండనీ. మన గ్రేస్‌కి రొట్టెముక్క పంపుతుందేమో అడుగు!"

డిగరీ బండరాయి ఎత్తాడు. నావికుడు కళ్ళు తెరిచాడు. ఏదో తెలియని భాషలో ఒక్క మాట అని, టామ్సిన్ పావడా అంచు గుప్పెట్లో పట్టుకున్నాడు.

రాయి పక్కకు జారిపడింది. డిగరీ ఇసుకలో చతికిలబడ్డాడు.

"నా వల్ల కాదక్కా. నన్ను చూస్తున్నాడు."

అంతలో గుట్ట మీద గుర్రం కనిపించింది. దొరగారి ఏజెంటు రోస్క్రో.

టామ్సిన్ గుర్రాన్ని చూసింది. పీపాలను చూసింది. భుజం మీది శాలువా తీసి నావికుడి ముఖాన కప్పింది, చలికి వణికే బిడ్డకు కప్పినంత మెల్లగా. తర్వాత రెండు చేతులూ దాని మీద ఆనించి, కళ్ళు మూసుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. పావడా అంచు పట్టుకున్న గుప్పిట వదులు కావడానికి చాలాసేపు పట్టింది.

రోస్క్రో గుర్రం దిగి పరుగున వచ్చాడు. చంకలో కంబళి, చేతిలో బ్రాందీ సీసా.

"ఎవరైనా బతికారా?"

డిగరీ గోనెసంచిని తన వెనక్కి లాక్కున్నాడు. టామ్సినే లేచి నిలబడింది.

"లేదండయ్యా. మనిషి లేడు, కుక్క లేదు. ఆఖరికి పిల్లి కూడా లేదు. నికార్సయిన రెక్."

రోస్క్రో శాలువా కింది ఆకారాన్ని చూసి టోపీ తీశాడు. సీసా బిరడా బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"పాపం. ఒక్కడైనా దక్కుతాడేమోనని పరిగెత్తుకొచ్చాను."

"అయితే ఆ పీపాల్లో సగం మాకే కదండీ? ఇంట్లో పిల్ల ఆకలితో..."

"నీకెవరు చెప్పారమ్మా ఈ కుక్కాపిల్లీ లెక్క?" అన్నాడు రోస్క్రో జాలిగా. "లండన్‌లో జడ్జీలు దాన్ని నిరుడే కొట్టేశారు. ఓడలో ఎవరు బతికినా, ఎవరూ బతక్కపోయినా సరుకు యజమానిదే."