చూసినట్టు రాసిన వ్యాసం

“ఇది పదహారేళ్ళ పిల్ల రాసింది కాదు” అంటూ మల్లేశ్వరరావు గారు పదకొండు పేజీల వ్యాసాన్ని బల్లమీద పడేశారు.

ఆయన రాయపూర్ తెలుగు సంఘానికి అధ్యక్షులు. పందొమ్మిదివందల యాభైనాలుగో సంవత్సరం వేసవిలో సంఘం ఒక ప్రకటన చేసింది. ఆ ఏడు మెట్రిక్ పాసైన తెలుగువాళ్ళలో, ఈ ఊళ్ళో మనవాళ్ళ చరిత్ర గురించి ఎవరు బాగా రాస్తే వారికి పై చదువుకి స్కాలర్‌షిప్ ఇస్తారు. చరిత్ర మరీ పెద్దదేం కాదు. విజయనగరం రైలుమార్గం వేయడానికి జనం వచ్చి పాతికేళ్ళయింది, అంతే. అయినా తొమ్మిది నిబంధనలు పెట్టారు. చరిత్ర చిన్నదైనప్పుడు నిబంధనలైనా పెద్దవిగా ఉండాలి కదా.

వ్యాసాలు రెండే వచ్చాయి. ఒకటి అధ్యక్షులవారి మేనల్లుడు సూరిబాబుది. అందులో చరిత్ర అధ్యక్షులవారి తండ్రి రామయ్య గారు ఈ ఊరి గుఢియారీ పేటలో కాలు పెట్టడంతో మొదలై, అధ్యక్షులవారు ఏకగ్రీవంగా ఎన్నిక కావడంతో పూర్తయింది. మధ్యలో ఏమీ జరగలేదు. రెండోది ఎస్. వరహాలమ్మ పేరుతో వచ్చింది. అదే ఇప్పుడు బల్లమీద పడింది.

బల్లకి ఇవతల నిలబడి ఉన్నది ఆడపిల్లల బడిలో ఆయాగా పనిచేసే ఆవిడ. ముప్పైఅయిదేళ్ళుంటాయి. పేరు పిలవగానే ఒక్కతే లోపలికి వచ్చింది. పిల్లేదని అధ్యక్షులవారు అడిగితే ఇంటి దగ్గరుందని చెప్పింది. ఇంకేదో చెప్పబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. అధ్యక్షులు మాట్లాడుతుండగా ఇంకెవరూ నోరు విప్పకూడదన్నది నిబంధనల్లో లేదు గాని, అలవాటులో ఉంది. కార్యదర్శి సత్తిరాజు మాత్రం లేచి ఒక ముక్కాలిపీట ఆవిడవైపు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు.

వ్యాసంలో ఏముందో అధ్యక్షులవారే ఏకరువు పెట్టారు. ఆడవాళ్ళు తట్టలతో మట్టి మోశారట. స్లీపర్ల గుట్టల మధ్య చీర ఉయ్యాలల్లో పసిపిల్లల్ని పడుకోబెట్టారట. ఒకనాడు గింజలు నిండుకుంటే, దగ్గరి పల్లె ధర్సీవా నుంచి పెరుగమ్మడానికి వచ్చే మనిషి, తెలుగు ముక్క రానిది, తను తెచ్చుకున్న చద్దన్నం పిల్లల చేతుల్లో ముద్దలుగా పెట్టిందట. మేస్త్రీ రామయ్య, పాలివ్వడానికి కూర్చున్న తల్లులకి సగం హాజరే వేసేవాడట. ఒక్కనాడు మాత్రం, పెద్దవానలో, బాలింత మీద తన గొడుగు పట్టి, వాన వెలిసేదాకా తాను తడుస్తూ నిలబడ్డాడట.

సగం హాజరు సంగతికి ఆయన అంతగా బాధపడలేదు. గొడుగు దగ్గరే మనసు విరిగింది.

“మా నాన్నగారు గొడుగు పట్టడమేమిటి? ఆయనకి పట్టేవాళ్ళే ఇద్దరుండేవారు.”

“మా నాన్న గురించి ఎవరైనా అలా రాసుంటే పటం కట్టించుకునేవాణ్ణి” అన్నాడు సత్తిరాజు మెల్లగా. అది మినిట్సులోకి ఎక్కలేదు.

వీటన్నిటికీ సబూత్ ఏదని, అచ్చులో ఎక్కడుందని అధ్యక్షులవారు నిలదీశారు. సూరిబాబు వ్యాసంలో ప్రతి వాక్యానికీ అచ్చులో ఆధారం ఉంది. అధ్యక్షులవారి సన్మాన సంచికను అధ్యక్షులవారే అచ్చు వేయించారు.

అంతలో ఆయనకి గొంతు ఎండి, గ్లాసెత్తి మంచినీళ్ళు తాగారు. ఆవిడకి ఆ మాత్రం సందు దొరికింది.

“టీచరు ట్రైనింగు కోసం బాబూ. ఇది రాకపోతే ఇంకెవులిస్తారు? సదువు ఇక్కడితో సరి.”



“ఆయా ఇంట్లోంచి పంతులమ్మా? బాగుంది” అన్నారు అధ్యక్షులవారు గ్లాసు దించి. “ఇహ బెల్లు కొట్టేవాళ్ళని బెజవాడనుంచి తెప్పించుకోవాలి కాబోలు.”

తర్వాత అసలు విషయానికి వచ్చారు. ఇదంతా కళ్ళారా చూసినవాళ్ళు రాసినట్టుంది. ఆ రోజుల్లో ఆవిడ కూతురు పుట్టనైనా లేదు. కనుక ఎవరో పెద్దవాళ్ళు రాసిపెట్టారు. పచ్చి దగా. ఇలాంటి దగాకి స్కాలర్‌షిప్ ఇస్తే సంఘం పరువేం కావాలి?

“అయినా, అన్యాయం చెయ్యడం నాకిష్టం ఉండదు” అన్నారు. చేసేముందు ఆ మాట అనడం ఆయనకి అలవాటు. “దేవుడి మీద ఒట్టేసి చెప్పు. ఇది నీ కూతురు రాసిందేనా?”

“ఒట్టెందుకు బాబూ. నా కూతురు అందులో ఒక్కచ్చరం కూడా రాయనేదు.”

అధ్యక్షులవారి ముఖం పెట్రొమాక్స్ లైటులా వెలిగింది. అభ్యర్థిని తల్లే దగాను ఒప్పుకున్నదని, స్కాలర్‌షిప్ చిరంజీవి సూరిబాబుకు దక్కినదని వెంటనే మినిట్సులో రాయమన్నారు. సంతకం పెట్టడానికి తన కలం మూత కూడా తీశారు.

సత్తిరాజు కలం అందుకున్నాడు గాని సిరాలో ముంచలేదు. ఆవిడవైపు తిరిగి, “మరి ఎవరు రాశారమ్మా?” అని అడిగాడు. జవాబు ముందే నిర్ణయించుకోకుండా ఆ గదిలో ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే.

“నానే బాబూ” అంది వరహాలమ్మ. “మెట్రిక్ పాసైంది నాను, నా కూతురింకా అయిదో తరగతే.”