పిడికెడు జొన్నలు

"సంచి ఆడ పెట్టు!"

శాంతకుమారి కేకకు గడప దాటబోతున్న మనిషి ఆగిపోయింది. కొంగు కనుబొమల దాకా లాక్కొని ఉంది. చేతిలో జొన్నల సంచి.

"మన చర్చి మనిషేనే! శనివారం శనివారం వస్తాది" అంది అత్త రాహేలమ్మ సంబరంగా.

"మతి లేని ముసలామెను దోచుకునేకి సిగ్గు లేదా? దేవుడు పోస్తాంటే నువ్వు మోసుకుపోతాండావా?"

ఆమె సంచి కింద పెట్టింది.

"పోతానమ్మా. ఆయమ్మ చేయి మాత్రం పట్టుకోవద్దు."

అంతే, వెళ్ళిపోయింది.

ఆదోని క్రైస్తవుల ఇళ్ళలో ఒక ఆనవాయితీ. ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు గింజలు దేవుడి సంచిలో వేస్తారు. వారానికోసారి చర్చి మనిషి వచ్చి తీసుకుపోతుంది. మతి తప్పిన రాహేలమ్మ కోడలి పేరు మరిచింది, పోయిన కొడుకును మరిచింది. పిడికెడు మాత్రం మరవలేదు. వేసిన సంగతి మరిచి మళ్ళీ వేసేది, మళ్ళీ వేసేది. చేయి పట్టుకుంటే వెక్కి వెక్కి ఏడ్చేది.

పైగా అది కరువు ఏడాది. ఊళ్ళో గంజి కేంద్రాలు తెరిచారు. మొగుడు పోయిన శాంతకుమారికి ఇద్దరు పిల్లలు, పత్తి మిల్లు కూలి.

వింతేమిటంటే ఇంట్లో జొన్నల కుండ తరగలేదు! కరువులో విధవరాలి పిండి తొట్టి తరగని బైబిలు కథ తన ఇంట్లోనే జరుగుతోందని శాంతకుమారి చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. జొన్నల్లో సజ్జలు కనబడితే మాత్రం అంగడి బసప్ప కల్తీ చేశాడని తిట్టుకునేది.

దొంగ పోయింది కదా, కుండ నిండాలి. కానీ నెల తిరగకముందే అడుగు కనబడింది. తన నోటి దురుసుకు దేవుడు అలిగాడేమో అనుకుంది.

రాహేలమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని గడపలోనే కూర్చునేది. "రాలేదే, రాలేదే" అంటూ తిండి మానేసింది. ఒకరోజు అట్లాగే పోయింది. పిడికిలి విప్పితే నాలుగు జొన్న గింజలు.

సమాధి అయ్యాక శాంతకుమారి పాస్టరుగారి దగ్గర ఏడ్చింది.

"అయ్యగారూ, ఆ గింజల మనిషిని ఒకసారి పంపండి. తిట్టినందుకు మన్నించమని అడుగుతా."

"ఎవరినమ్మా? కరువులో విధవరాలి ఇంటికి గింజలకు పోవద్దని నేనే చెప్పినానే. మీ ఇంటికి ఎవరూ రాలేదు."

శాంతకుమారి తెల్లబోయింది. వెంట వచ్చిన పక్కింటి లక్ష్మమ్మ నోరు విప్పింది.

"అది దేవక్క. మద్దికెర నుంచి కూలికొచ్చింది. ఒకనాడు నీళ్ళడిగితే మీ అత్త చర్చి మనిషనుకుని సంచి చేతిలో పెట్టింది. అప్పటినుంచి ఆయమ్మ సంతోషం కోసం వస్తాండె. ముందర వాకిట తీసుకునేది, పెరటి దోవన వచ్చి నీ కుండలోనే పోసేది. తన కూలి సజ్జలు గూడా."

"మరి ముఖం దాచుకునిందే?"

"ముఖం కాదు, బొట్టు! అది కనబడితే మీ అత్త సంచి ఇయ్యదని."

"మేమేమవుతామని అంత చేసింది?"

"వాళ్ళమ్మకూ ఇట్లే మతి పోయినాదంట. యాడికన్నా పోతాదని చేతులు కట్టేసి ఇది పనికి పోయేదంట. ఆ కట్టిన చేతులతోనే ముసలామె పోయింది."

శాంతకుమారి వీధి వైపు తిరిగింది.

"ఇప్పుడు యాడుంది?"

"నువ్వు తరిమినాంక ఊరిడిసి పోయింది. యాడుందో ఎవురికి తెలుసు!"

"నాకు ఒక్క మాట చెప్పింటే ఏమక్కా!"

"ఒట్టు పెట్టింది. ఇప్పుడు తీసి గట్టున పెడతాండా. 'దేవుడే పోస్తాండాడని ఆ కోడలు చర్చిలో చెప్పుకునిందంట లక్ష్మమ్మా, అట్లే అనుకోనీ' అనింది."