చివరి పంక్తి సొంత చేతితో

"అమ్మగారు ఎవరినీ చూడటం లేదయ్యా. ఉత్తరం ఇటివ్వండి." ఫిలిన్నాగారి ఉత్తరాలు రాసిపెట్టే దాసి తైసిస్ తలుపుకు అడ్డంగా నిలబడింది.

వచ్చినవాడు జోయిలస్. సిరీన్ కొండల్లో బిషప్పు థియోటిమస్‌గారి చర్చిలో డీకన్, ఇంట్లో ఆయనకు కుడిభుజం. ఇన్నాళ్లూ ఉత్తరాలు పడవవాళ్ల చేత వచ్చేవి. ఈసారి మనిషే సముద్రం దాటి అలెగ్జాండ్రియాలో ఊడిపడ్డాడు.

"ఒక్క మాట ఫిలిన్నాగారితోనే చెప్పాలమ్మా."

"నాతో చెప్పండి, చేరవేస్తాను."

"చేరవేసే మాట కాదు."

తైసిస్ తలుపు రెక్క దగ్గరికి లాగింది. "ఆవిడకి గొంతు పోయింది. వెలుతురు పడదు. మనిషిని చూస్తే ఆయాసం."

విచిత్రంగా అతని ముఖం తేలికపడింది. "అయితే వద్దులెండి," అంటూ వాకిట్లో రాతిబల్ల మీద కూలబడ్డాడు.

"బిషప్పుగారు ఎలా ఉన్నారు?"

"ఇప్పుడు నొప్పి లేదు."

"తింటున్నారా?"

"పిల్లల దగ్గరే ఉంటున్నారమ్మా."

ఆ పిల్లలు ముగ్గురూ మట్టిలో కలిసిపోయారని తైసిస్‌కు తెలుసు. పాపం, తండ్రి ప్రాణం ఆ సమాధుల దగ్గరే కొట్టుకుంటోందనుకుంది. ఉత్తరం తీసుకుని లోపలికి వెళ్లింది.

లోపలి గదిలో మంచం ఖాళీగా ఉంది. ఫిలిన్నా జ్వరంతో పోయి ఏడాది దాటింది. ఊరంతటికీ చదువు చెప్పిన మనిషి, క్రైస్తవురాలు కాదు. చర్చివాళ్ల భయానికి శిష్యులందరూ ముందే మొహం చాటేశారు. పోయిందా ఉందా అని అడిగిన దిక్కు లేదు. బిషప్పు అయినా వదలకుండా రాసింది ఈ పాత శిష్యుడొక్కడే. మూడో కొడుకు పోయినప్పుడు ఆయన రాసిన మాట తైసిస్ మరిచిపోలేదు: 'నాకిక మీరే మిగిలారు. మీ జవాబు ఆగిన రోజు నేనూ ఆగిపోతాను.'

ఆ మాటకే ఆమె, పోయిన మనిషి పేరుతో జవాబులు రాసే ఈ పాపానికి ఒడిగట్టింది.

ఉత్తరమంతా ఎవరి చేత రాయించినా, చివర 'క్షేమంగా ఉండండి' అన్న పంక్తి మాత్రం పంపినవాళ్లే రాయాలి. అది లేని ఉత్తరాన్ని ఎవరూ నమ్మరు. బిషప్పుగారు మంచాన పడ్డాక ఆ పంక్తి మారిపోయింది. అక్షరాలు ఎడమకు ఒరిగాయి, చివరిది చేపల గాలంలా వంగింది. చేయి స్వాధీనంలో లేదు, మన్నించమని అప్పట్లోనే రాశారు. ఈ ఉత్తరంలోనూ అదే వంకర.

"ఏమిటమ్మగారూ? నెమ్మదిగా చెప్పండి," అంది తైసిస్, వాకిట్లోకి వినపడేలా, ఖాళీ మంచంతో. జవాబు రాసింది. కింద యజమానురాలి గుండ్రటి అక్షరాలతో వీడ్కోలు రాసింది. ఆ చేతిరాత అలవడటానికి ఆమెకు ఒక చలికాలమంతా పట్టింది.

జోయిలస్ ముందుగా చివరి పంక్తే చూసుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు.

"చేయి ఇంకా స్థిరంగానే ఉంది. అది చాలు నాకు."

"ఇది చదివాకైనా ఆయన ఒక ముద్ద తింటారా?"

అతను వీధివైపు చూశాడు. "ఆవిడని రాస్తూ ఉండమనండి."

"ఆయన్నీ రాస్తూ ఉండమనండి. ఈవిడ ప్రాణం ఆ ఉత్తరాల మీదే ఉంది."

"తెలుసమ్మా. నాకంటే బాగా ఎవరికి తెలుసు?"

"మరి చెప్పాలన్న మాట?"

"అది చెప్పకపోతేనే మంచిది."

తైసిస్ గుండెల మీంచి బరువు దిగింది. "దోపిడీ మూకలు మీ రేవు మూసేశాయంటున్నారు. ఇక మీదట జవాబు ఏ పడవలో పంపాలి?"

అతను ఆమె మడత మైనపు పలక అందుకుని, గబగబా గీకి, మూసి ఇచ్చాడు. తల వంచుకుని రేవుదారి పట్టాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి ఆమె పలక తెరిచింది. పడవ యజమాని పేరు, రేవు పేరు. వాటి కింద, అలవాటు కొద్దీ కాబోలు, 'క్షేమంగా ఉండండి' అని ఉంది. అక్షరాలు ఎడమకు ఒరిగాయి, చివరిది గాలంలా వంగింది.

అది బిషప్పుగారి చేతిరాత.