తెరుచుకోని కిటికీ

"దీనికి రెక్కలు లేవేంటి సార్?" అన్నాడు వడ్రంగి మేస్త్రీ, కిటికీ చట్రాన్ని చేత్తో తడిమి చూస్తూ.

"రెక్కలుంటే దుమ్మొస్తుంది. అందుకే మొత్తం ఒకే అద్దం వేయించాను," అన్నాడు ఇంటాయన. "నిన్న తెచ్చి గోడలో నిలబెట్టి పోయారు. నువ్వు గట్టిగా బిగించి, చుట్టూ సందు కనపడకుండా చెక్క బీడింగ్ కొట్టు. చాలు."

మేస్త్రీ గది కలయజూశాడు. ఒక మంచం, ఒక బీరువా, కిటికీ పక్కన కుర్చీ. కుర్చీలో ఇంటాయన భార్య. ముప్పై దాటి ఉండవు. బడిపిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుని, మేస్త్రీ పనిముట్ల సంచీ వంకే చూస్తోంది. అద్దం అవతల పెరడు, పొట్టి ప్రహరీ, దాని వెనక సందు.

"ఆవిడకు మతి స్థిమితం లేదు," ఇంటాయన గొంతు తగ్గించాడు. "ఏవేవో అడుగుతుంది. పట్టించుకోకు."

ఇంతలో ఫోన్ మోగింది. మాట్లాడుతూ బయటికి వెళ్లి, తలుపు లాగాడు. అవతల గడియ పడిన చప్పుడైంది.

మేస్త్రీ బిత్తరపోయాడు. "గడియెందుకమ్మా?"

"గాలికి తలుపు కొట్టుకుంటుందట," అందామె.

గాలి ఎటునుంచి వస్తుందో మేస్త్రీకి అర్థం కాలేదు. సంచీ విప్పి, పల్చటి చెక్క చీలికలు తీసి చట్రానికీ గోడకీ మధ్య దోపడం మొదలుపెట్టాడు.

"అవెందుకు?"

"గోడ తిన్నగా ఉండదమ్మా. ఇవి దోపితేనే చట్రం వంకర లేకుండా నిలబడుతుంది. ఆ తర్వాత స్క్రూలు."

"స్క్రూలు తీసి, ఇవి లాగేస్తే?"

"కిటికీ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. ఎవరైనా లాగుతారా?"

"ఊరికే అడిగాను."

స్క్రూడ్రైవర్‌తో స్క్రూలు బిగించి, కిటికీ కింద పలక అమర్చాడు. బీడింగ్ ముక్కల కొసలు ఏటవాలుగా కోసి, మూలలో ఒకదానికొకటి ఆనించి చూశాడు. వెలుతురు దూరింది. విప్పి చిత్రిక పట్టి మళ్లీ ఆనించాడు. ఈసారి వెంట్రుక కూడా దూరలేదు. తల లేని చిన్న మేకులు తీశాడు.

"ఇవి ఊడదీయాలంటే పగలగొట్టాలా?" అందామె.

"అయ్యో, ఎందుకమ్మా? చెంచా కాడ దూర్చి కొంచెం కొంచెం జరుపుతూ లేపితే చప్పుడు కాకుండా వచ్చేస్తుంది."

"ముందు ఏది తీయాలి?"

"పైది. తర్వాత పక్కవి."

"ముందు పైదా?"

"పైదేనమ్మా."

కాసేపాగి మళ్లీ అదే అడిగింది. మేస్త్రీ సుత్తి ఆపి తల గోక్కున్నాడు. ఆమె లేచి దగ్గరికి వచ్చింది.

"నా మతి బాగానే ఉంది మేస్త్రీగారూ. మా అమ్మతో మాట్లాడనివ్వడు. వెనకింటావిడతో ఈ కిటికీలోంచి రెండు ముక్కలు మాట్లాడానని రెక్కలు పీకించేశాడు."

మేస్త్రీ ఆమె వైపు చూడలేదు. "నేను పనికొచ్చినవాణ్ణి. ఇవన్నీ నాకెందుకు చెప్తారమ్మా?" అన్నాడు.

ఆమె వెళ్లి కుర్చీలో కూర్చుంది.

గడియ తీసుకుని ఇంటాయన లోపలికి వచ్చేసరికి పని దాదాపు అయిపోయింది. మేకులు దిగిన గుంతల్లో లప్పం పెడుతూ మేస్త్రీ విసుక్కున్నాడు. "అమ్మగారు అడిగిందే అడుగుతున్నారు సార్. పని సాగనిస్తేనా!"

"చెప్పానుగా," అంటూ ఇంటాయన నవ్వాడు. ఆమె తల దించుకుంది.

ఇంటాయన రెండు అరచేతులూ చట్రానికి ఆనించి బలంగా నెట్టాడు. కదల్లేదు.

"స్క్రూలు పొడుగువేనా?"

"నా పని మీద అనుమానమా సార్? తేడా వస్తే పిలవండి. వెనక సందు చివర పచ్చగేటు ఇల్లే నాది," అన్నాడు మేస్త్రీ. సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తెల్లారేసరికి ఇంటాయనే పరుగున వచ్చి మేస్త్రీని వెంటబెట్టుకెళ్లాడు. గది తలుపు గడియ తీసి, లోపలికి చూపించాడు.

కిటికీ ఉండాల్సిన చోట పెరడు కనిపిస్తోంది. చల్లగాలి గదంతా తిరుగుతోంది. చట్రం అద్దంతో సహా గోడకు ఆనించి ఉంది. అద్దానికి చిన్న బీట కూడా లేదు. బీడింగ్ ముక్కలు మంచం మీద వరసగా పేర్చి ఉన్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది.

"గడియ వేసింది వేసినట్టే ఉంది. అద్దం పగల్లేదు. చప్పుడు లేదు. ఎలా వెళ్లింది?" ఇంటాయన గదిలో ఆ గోడకూ ఈ గోడకూ తిరిగాడు. కింద పలక మీద ఉన్న స్క్రూడ్రైవర్ తీసి చూపించాడు. "ఇది నీదేగా?"

"నాదే సార్! నిన్నట్నుంచీ దీనికోసమే ఇల్లంతా వెతుకుతున్నాను. నా మతిమరుపు మండిపోనూ!"

"నువ్వేమైనా నేర్పావా దానికి?"

"మతి స్థిమితం లేదన్నారు కదా సార్. నేర్పితే మాత్రం వస్తుందా?"

ఇంటాయన కాసేపు ఆ కంత వైపు, కాసేపు మేస్త్రీ మొహం వైపు చూశాడు. మేస్త్రీ కూడా అంతే అయోమయంగా ఆయన వైపు చూశాడు.

"నాకూ ఏం పాలుపోవట్లేదు సార్. మళ్లీ బిగించమంటారా?"

"ఎవరికోసం?" అంటూ ఇంటాయన మంచం మీద కూలబడ్డాడు.

మేస్త్రీ స్క్రూడ్రైవర్ సంచీలో వేసుకుని ఇంటిదారి పట్టాడు. చెప్పులు విప్పి, తలుపు వేసి, వంటింట్లో ఉన్న భార్య దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాడు.

"ఆ అమ్మాయి ఏమైనా తిందా?"