నిదానం వ్యాను

“తోస్తే పోలా? వీధినిండా మనుషులున్నారు. నలుగురం చెయ్యేస్తే అదే స్టార్టవుతుంది,” అన్నాడు బాబాయి, కిందికి వంగి.

వ్యాను కిందనుంచి రెండు పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. అవి కదల్లేదు.

“ఈ వ్యానుని జనం ముందు ఎప్పుడైనా తోశారా బాబాయ్?” అంది ఆయన అన్నగారి కూతురు, కిందనుంచే.

“పక్క ఊళ్ళో కొత్త బండి ఉంది. ఫోన్ చేస్తే వాలిపోతుంది. ఏసీ కూడానూ.”

“నాన్న అందులో ఎక్కడు.”

“మీ నాన్నకి మొదట్నుంచీ అన్నీ పట్టింపులే.”

ఆ నాన్నని వీధిలో అందరూ నిదానం అనే పిలుస్తారు. ఎంత ఖాళీ రోడ్డయినా ఆయన వ్యాను సైకిలుని దాటదు. ‘నా వెనక ఎక్కినవాళ్ళెవరూ తొందరపెట్టలేదు, మధ్యలో నీకేం?’ అని ఆయనే ఎదురడిగేవాడు. ఈరోజు తరవాత నిదానం ఆ వ్యాను ఎక్కడు. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే దుకాణాలు మూసి మరీ వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. సరిగ్గా ఈరోజే తాళం తిప్పితే వ్యాను ‘టక్’మని ఊరుకుంది.

“బ్యాటరీ అయిపోయుంటుంది,” అన్నాడు బాబాయి.

“బ్యాటరీ బాగానే ఉంది. ఎర్త్ వైరు పోయింది. అత్తా, వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి తెచ్చిపెట్టవా?”

అత్త చెంబు కిందికి జరిపింది. “పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదే నువ్వు.”

“పనయ్యాక తింటాలే.”

సోడా నీళ్ళు పడగానే బోల్టు చుట్టూ పేరుకున్న ఆకుపచ్చ చిలుము బుసబుసా పొంగింది. బాబాయి మోకాళ్ళమీద కూర్చుని చూశాడు.

“ఇంత చిలుము ఎలా పట్టిందే?”

“నాన్నే పట్టించాడు. ట్రిప్పు నుంచి రాగానే వెనకంతా బకెట్లకొద్దీ కడిగేవాడుగా. ఆ నీళ్ళన్నీ ఫ్లోరు సందుల్లోంచి ఇక్కడికే దిగాయి.”

“నేనూ చెప్పాను. ఎక్కేవాళ్ళేమన్నా చూస్తారా, ఎందుకంత తోముడు అని.”

“ఎక్కించేవాళ్ళు చూస్తారు కదా అనుంటాడు.”

“అచ్చం అదే మాట.”

ఆమె చిలుము పట్టిన వైరు కొసని కత్తిరించింది. లోపల రాగి ఎర్రగా మెరిసేదాకా కత్తిరిస్తూనే పోయింది. బోల్టుకి తగిలించే కొత్త రాగి లగ్గు కొసకి తొడిగి నొక్కింది. బోల్టు కూర్చునే చోట రంగూ తుప్పూ పోయి తెల్లటి ఇనుము బయటపడేదాకా గీకింది. చిన్నప్పుడు వ్యాను కింద తన పక్కనే పడుకోబెట్టుకుని నాన్న చెప్పిన పాఠం అది. ‘కరెంటు వెళ్తే చాలదే పిచ్చిదానా, తిరిగి రావాలి. తిరిగొచ్చే దారి మూసుకుపోతే బండి కదలదు.’ స్టీరింగు ఎప్పుడిస్తావని అడిగితే, ‘చచ్చిన బండిని నీ చేత్తో లేపిన రోజున’ అనేవాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

బోల్టు బిగించి, గ్రీజు పూసి, బయటికి వచ్చింది. మొహమంతా నల్లటి మరకలు.

“హారన్ కూడా మోగట్లేదు. చూడు మరి,” అన్నాడు బాబాయి.

“అదెందుకు? ఈ వ్యానుకి అడక్కుండానే దారిస్తారు.”

చేతులు కడుక్కుని డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు నాన్న ఎత్తుకి వెనక్కి ఉంది. ముందుకి జరుపుకోవాలనిపించలేదు. అంచు మీద కూర్చుని తాళం తిప్పింది.

ఇంజను ఒక్క ఊపున అందుకుంది. గేటు దగ్గర గుసగుసలు ఆగిపోయాయి. పక్కింటి మెకానిక్కు, ఎవరి పనినైనా తల ఎగరేసి చూసే మనిషి, మెల్లగా తలూపాడు.

గడపలో కూర్చున్న అమ్మ గదివైపు తిరిగింది. “విన్నారా? ఒక్క తాళానికే. మీ కూతురండీ.”

బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “నడుపుతావా తల్లీ?”

“నడుపుతాను. నిదానంగా నడుపుతాను. వెనక తలుపు తెరువు బాబాయ్.”

తలుపు తెరుచుకుంది. కడిగిన ఫ్లోరు మీద ఒక్క మరక కూడా లేదు.

నలుగురు భుజం కలిపి, పూలు కప్పిన నాన్నను ఎక్కించారు.