నలభై ఒకటో కేసు

వేంకటరమణ పొద్దున్నుంచీ నేరాలు మాఫీ చేస్తున్నాడు.

రాయగడలో గణాంకాల అధికారి ఆయన. ఒక్కో దేశం ఒక్కోదాన్ని నేరమంటోందట. అందరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడాలంటే నిర్వచనాలన్నీ ఒకేలా ఉండాలని పైనుంచి లావుపాటి పుస్తకం దిగింది. ఇకమీదట రాయగడ అపహరణా, స్వీడన్ అపహరణా ఒకే కాటాలో తూగాలి. పాపం స్వీడన్ వాళ్ళు ఇందుకోసమే అన్నం మానేసి కూర్చున్నారు కాబోలు.

పోలీసుల జాబితాలో అపహరణలు నలభై ఒకటి. విప్పి చూస్తే అన్నీ ఒకటే కథ. మేజరైన అమ్మాయి నచ్చినవాడితో వెళ్ళి పెళ్ళి చేసుకుంటుంది. ఇంట్లోవాళ్ళు ఎత్తుకుపోయాడని కేసు పెడతారు.

“వీళ్ళ ఇంటి గొడవలు ప్రపంచం లెక్కల్లోకి ఎందుకమ్మీ? ఇష్టపడి వెళ్తే నేరం ఏటి? కొట్టెయ్యి,” అన్నాడు కంప్యూటరు ముందున్న సస్మితతో.

మధ్యాహ్నానికి సస్మిత నలభై కొట్టేసింది. ఆయన క్యాంటీన్ నుంచి ఇడ్లీ తెప్పించుకున్నాడు. ఈ వారమంతా అదే భోజనం. ఇంట్లో భార్య కాత్యాయనికి ఒంట్లో బాగాలేదని చెప్పాడు.

అప్పుడే చిలకమ్మ వచ్చింది. మున్సిపాలిటీలో వీధులు ఊడుస్తుంది. ఆమె కొడుకు బాపి అపహరణ కేసులో జైల్లో ఉన్నాడు.

“పోలీసోళ్ళు మీ కాడికే ఎల్లమన్నారు బాబూ. మావోడు ఎవుల్నీ ఎత్తుకెల్నేదు. ఆ పిల్లే బట్టల సంచీ అట్టుకొచ్చి బండెక్కింది. నందపూర్ గుళ్ళో తాళి కట్టేడు. మీరొక్క సంతకం ఎడితే ఒగ్గేత్తారట.”

“ఇక్కడ లెక్కలే చూస్తాం. కేసులు చూడం,” అన్నాడు వేంకటరమణ, ఇడ్లీ ప్లేటులోకి చూస్తూ.

సస్మిత నలభై ఒకటో వరుస తెరిచింది. “సార్, ఇదీ అలాంటిదే. అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. ఇష్టపడే వెళ్తున్నానని ఉత్తరం కూడా రాసింది. కొట్టేద్దామా?”

“వద్దు. అది అపహరణే.”

“సార్, పుస్తకంలో…”

“పుస్తకంలో మాయమాటలు చెప్పి తీసుకుపోవడమని కూడా ఉంది.” ఆ పేజీ దొరికేదాకా ఆయన తిరగేస్తూనే ఉన్నాడు. “చదువుకున్న పిల్ల వీధులూడ్చే ఇంటికి ఇష్టపడి వెళ్తుందా? ఏ దేశంలోనైనా ఉందా ఇది?”

స్వీడన్‌లో అడిగి చెప్పేవాళ్ళెవరూ అక్కడ లేరు. సస్మిత చేతులు ముడుచుకుని కూర్చుంది.

చిలకమ్మ సంచిలోంచి స్టీలు కేరేజీ తీసి, ఆ లావుపాటి పుస్తకం మీద పెట్టింది.

“మీ ఇంట్లో పొయ్యెలగట్నేదని తెలిసి, మీ కూతురే వండి పంపింది, అన్నయ్యగారూ.”