కుట్టిన ఫైలు

మెట్ల మలుపు దగ్గర డాక్టరమ్మ చేతిలోంచి ఫైలు జారిపడింది.

స్ప్రింగు బైండింగు ఊడి, డెబ్బై పేజీలూ కిందిదాకా చెల్లాచెదురయ్యాయి.

ఏడేళ్ళ కష్టం అది. ఆవిడ తయారుచేసిన నరాల మందును మూడువందల మంది రోగుల మీద పరీక్షించడానికి ప్రభుత్వం డబ్బివ్వాలని పెట్టుకున్న దరఖాస్తు. పదకొండింటికి కమిటీ ముందుకు వెళ్ళాలి. ఇంకా పావుగంట ఉంది.

కాగితాలు పోగుచేసుకుని పైకి పరుగెత్తితే, గుమాస్తా తల కూడా ఎత్తలేదు.

"విడి కాగితాలు లోపలికి పోవండి. రూల్సు. కుట్టించుకుని రండి."

"పావుగంటలో ఎక్కడ కుట్టించమంటారండీ?"

"అది రూల్సులో లేదండి."

డాక్టరమ్మ వరండాలో బెంచీ మీద కూలబడి పేజీలు వరసలో పెట్టబోయింది. తొందరలో పెట్టినవే మళ్ళీ జారాయి.

"ఇలా ఇవ్వండమ్మా," అన్నాడు పక్కన కూర్చున్న ముసలాయన. "నేను దర్జీని."

సంచీలోంచి రేకు డబ్బా తీశాడు. కాగితాల అంచులు బెంచీకేసి తట్టి సమం చేసి, దబ్బనంతో నాలుగు చోట్ల పొడిచాడు. తర్వాత సన్నని సూదిని కిటికీ వెలుగుకు ఎత్తి, మొదటిసారికే దారం ఎక్కించాడు.

ఈ వయసులో ఇదేం చూపు, నాకైతే పదిసార్లకు కూడా ఎక్కదు అనుకుంది డాక్టరమ్మ. ఆమె కళ్ళు మాత్రం గడియారం మీదే ఉన్నాయి.

కుడుతూనే ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆస్పత్రి గేటు దగ్గర అడిగితే మీరిక్కడున్నారన్నారమ్మా. పొద్దుటినుంచి మీకోసమే కూర్చున్నాను. ఒక్క మాట చెప్పాలి."

ఎవరినో వార్డులో చేర్చుకోమని సిఫార్సుకి వచ్చాడనుకుంది. అలాంటివాళ్ళు రోజూ పదిమంది తగులుతారు.

"సోమవారం ఓపీకి రండి. చీటీ రాయించుకోండి."

"పన్నెండింటి రైలుకి వెళ్ళిపోతానమ్మా. రెండు నిమిషాలు చాలు."

లోపల్నుంచి పిలుపు వచ్చింది. ఆయన దారం తెంపీ తెంపకముందే ఫైలు లాక్కుంది.

"చెప్పానుగా, సోమవారం."

థాంక్స్ చెప్పాలన్న సంగతి కూడా తోచలేదు.

లోపల ఐదుగురు కూర్చున్నారు. ఛైర్మన్ ఒక్కో పేజీ తిప్పుతూ గంటసేపు నిలదీశాడు. మందు ఎలా పనిచేస్తుంది, ఎంత మోతాదు, రోగికి ఏదైనా అయితే బాధ్యత ఎవరిది. అన్నిటికీ తడుముకోకుండా చెప్పింది. గట్టెక్కినట్టే అని ఊపిరి పీల్చుకుంటుండగా ఆయన వేలు ఒక పట్టిక దగ్గర ఆగింది.

"చేతుల వణుకు తగ్గడానికి ఈ మందు ముందుగా పన్నెండుమందికి ఇచ్చి చూశారు. ఆరుగురికి తగ్గింది, ఐదుగురికి తగ్గలేదు. మరి తొమ్మిదో నంబరు ఏమయ్యాడు?"

ఆవిడకు ఆ పన్నెండుమందీ అంకెలే. చూడడం, కొలవడం అంతా సహాయకుల పని. రోగి ముఖం చూస్తే జాలి పుడుతుంది, జాలి పుడితే లెక్క వంకరపోతుంది అని ఆవిడ తనకు తాను పెట్టుకున్న నియమం. ఇన్నాళ్ళూ దాన్ని గర్వంగానే చెప్పుకుంది.

"చివరి పరీక్షకు రాలేదండి. రెండు ఉత్తరాలు రాశాం. ఫోనూ కలవలేదు."

"రానివాడికి తగ్గలేదనే లెక్క వేస్తాం. అప్పుడు ఆరుకి ఆరు. సగం మీద ఒక్కరైనా ఎక్కువుంటే తప్ప మేం డబ్బివ్వలేమమ్మా. ఆ ఒక్క మనిషి వచ్చి ఇక్కడ నిలబడి చెయ్యి చాపితే ఇప్పుడే సంతకం పెడతాను."

"వారం గడువివ్వండి, ఎలాగైనా వెతికి తీసుకొస్తాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకు నాన్న గుర్తొచ్చాడు. మూడేళ్ళుగా ఆయన ఒకరు పట్టుకుంటే తప్ప గ్లాసు ఎత్తి మంచినీళ్ళు తాగలేడు.

"గడువు ఈరోజుతో సరి. మళ్ళీ దరఖాస్తులు రెండేళ్ళకు."

తిరస్కరించినట్టు రాసి, ఐదుగురూ సంతకాలు చేశారు. ఛైర్మన్ ఫైలు మూసి, దాని వీపు మీద బొటనవేలు పోనిచ్చాడు.

"కుట్టించడం మాత్రం చక్కగా కుట్టించారు," అన్నాడు, ఏదో ఒక మంచిమాట చెప్పాలన్నట్టు.

ఆవిడ బయటికి వచ్చేసరికి పన్నెండు దాటి పది నిమిషాలయింది. బెంచీ ఖాళీగా ఉంది. మెట్ల వైపు నడిచింది.

"అమ్మా, ఒక్కమాట," అని గుమాస్తా మొదటిసారి తలెత్తాడు. "ఆ టైలరాయన ఆఖరి నిమిషం దాకా చూసి వెళ్ళాడండి. ఏ ఊరో అడగలేదు నేను. కూతురి కాన్పుకని వెళ్ళి అక్కడే ఉండిపోయాడట, ఫోను కూడా పోగొట్టుకున్నాడట. అప్పుడు రాలేకపోయినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పమన్నాడు. ఇది మీకిమ్మన్నాడు."

మడతపెట్టిన అట్టముక్క అది. నలిగి, అంచులు అరిగిపోయి ఉంది.

విప్పి చూస్తే తన ఆస్పత్రి కార్డే. మందు మొదలుపెట్టిన రోజు తేదీ పక్కన ఒక్క అక్షరం కూడా పోల్చుకోలేనంత వంకరటింకర సంతకం, ఈరోజు తేదీ పక్కన కుట్టు వేసినంత తిన్నని సంతకం, పైన మూలన తొమ్మిది అంకె ఉన్నాయి.